అరంగుళం మాస్టరు

ఆ బట్టల దుకాణంలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఎదురుపడితే మాస్టారు, వీపు తిప్పితే అరంగుళం. కోటు చెయ్యి అరంగుళం పొట్టయితే చాలు, కుట్టినవాణ్ణి నిలబెట్టి కడిగేసి, కుట్టంతా విప్పించి, మళ్ళీ మొదట్నుంచీ కుట్టించేవాడు. మనిషి మెట్లు దిగి వస్తుంటే ఓ చూపు చూసి, ఛాతీ నలభై, నడుము ముప్ఫయ్యారు, కుడి భుజం కాస్త కిందకి, అని చెప్పేసేవాడు. తర్వాత టేపు పెడితే సరిగ్గా అంతే ఉండేది. ఆయన టేపు పెట్టేది కొలవడానికి కాదు, గిరాకీ తృప్తికోసం. అలాంటి కళ్ళు పెట్టుకుని ఆ మనిషి ఏం చూడలేదో చెప్తాను, వినండి. తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్తాను.

దుకాణం పైన అంతా అద్దాలూ తివాచీలూను. కటింగు గది మాత్రం నేల కింద. కిటికీ అన్నమాటే లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ట్యూబులైటు కింద గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర వేశాడు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో గిరాకీ భుజం తడిమితేగానీ తెలిసేది కాదు. పెద్ద యజమాని ఉన్నన్నాళ్ళూ మర్యాదగానే గడిచింది. ఆయన పోయి కొడుకు కుర్చీ ఎక్కాక గోడకి ఒక కంప్యూటరు తెర తగిలించాడు. ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎన్ని ముక్కలు కోశారో అందులో పడుతుంది. వెనకబడితే పేరు ఎర్రగా మారుతుంది. జుట్టంతా నెరిసిన మనిషి ఆ గోడవంక దొంగచూపులు చూసుకుంటూ కత్తెర ఆడించాలి. ఇంటికెళ్తే నాలుగో అంతస్తులో రెండు గదులు. బీరువా తలుపు తియ్యాలంటే ముందు మంచమెక్కి కూర్చోవాలి. ఆయన జీతంలో సగానికి పైగా ఆ రెండు గదులే మింగేసేవి.

ఆవిడ, అంటే మాస్టరుగారి భార్య, అలా కాదు. ఆవిడకి పట్నమంటే ప్రాణం. పెద్ద బస్టాండులో పోయిన వస్తువుల కౌంటరు ఆవిడది. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి బూట్లు, ఒకసారైతే కట్టుడుపళ్ళ సెట్టు. ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు. ఎప్పుడు పోయింది? ఆఖరిసారి ఎక్కడ చూశారు? గుర్తులేమిటి? ఆ కట్టుడుపళ్ళాయన్ని గుర్తులేమిటని అడిగితే పాపం నోరు తెరిచి బోసి చిగుళ్ళు చూపించాడట. ఆ కథ ఆవిడ వెయ్యిసార్లు చెప్పుంటుంది, వెయ్యిసార్లూ తనే ముందు పొట్ట పట్టుకుని నవ్వుంటుంది. భారీ మనిషి. నవ్వితే కౌంటరు అద్దం అదిరేది. ఆఫీసువాళ్ళిచ్చిన నీలం యూనిఫాం కోటు ఆవిడకి పట్టక, మాస్టరే అదే రంగు గుడ్డ తెచ్చి కుట్టిపెట్టాడు.

మాస్టరు దగ్గర నల్ల అట్ట కొలతల పుస్తకం ఒకటుండేది. అందులో ఆవిడకో పేజీ. ఏటా పుట్టినరోజునాడు నడుముకి టేపు చుట్టి, తారీఖు వేసి రాసుకునేవాడు. అదో సరదా వాళ్ళిద్దరికీ.

"పెళ్ళినాటికి ఇరవైతొమ్మిది, ఇప్పటికి నలభైయొకటి. డజను అంగుళాలు! అంతా నా సంపాదనే," అనేవాడు.

"జన్మకి మీరు సంపాదించింది అదొక్కటే కదా మాస్టారూ, ఉండనివ్వండి," అనేది ఆవిడ. అందరూ మాస్టారంటారని తనూ మాస్టారనే పిలిచేది, ఎకసెక్కానికి మొదలెట్టి అలవాటు చేసుకుంది.

ఇలా ఉండగా ఒకనాడు జరగకూడనిది జరిగింది. తెర మీద పేరు ఎర్రబడింది, మాస్టరు చెయ్యి తొందరపడింది, కోటు చెయ్యి అరంగుళం పొట్టి తెగింది. పుట్టి బుద్ధెరిగి అలా జరగలేదు. కొడుకు యజమాని ఆ కోటు చేతిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని గది మధ్యకొచ్చాడు. "ఏం మాస్టారూ, మీ అరంగుళం ఇక్కడ పారేసుకున్నారు, చూసుకోలేదా?" అన్నాడు. కుట్టేవాళ్ళందరూ కిసుక్కున నవ్వారు. నవ్వరూ మరి? ముప్ఫయ్యొక్క ఏళ్ళు చీవాట్లు తిన్నవాళ్ళు. ఇస్త్రీ పెట్టెదగ్గర నిలబడ్డ పెద్దాయన ఒక్కడే తలొంచుకున్నాడు. ఆయనా మాస్టరూ ఒకేనాడు పనిలో చేరారు, బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

ఆ సాయంత్రం మాస్టరు మూడో అంతస్తు మెట్ల మీదే కూలబడిపోయాడు. ఆవిడ వచ్చి చూసేసరికి గుండెలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు.

"నావల్ల కాదే ఇంక. ఎక్కడికైనా పోదాం. చిన్న ఊరు. కిటికీ ఉన్న గది ఒకటి చాలు. నాలుగు చిరుగులు కుట్టుకుని బతుకుదాం."

"మరి నా కౌంటరో?"

ఆయన గోడ పట్టుకుని లేచి పైకెక్కాడు. ఆవిడ రెండు రోజులు నోరు విప్పలేదు. ఆవిడ రెండు రోజులు మాట్లాడకుండా ఉందంటే ఎంత నలిగిందో మీరే ఊహించుకోండి. మూడోనాడు పొద్దున్నే టీ గ్లాసు ఆయన ముందు పెట్టి అంది. "ఏడాది. జీతం లేకుండా ఏడాది సెలవిస్తామన్నారు, నా సీటు ఉంచుతారట. ఏడాది చూద్దాం. నాకు పడకపోతే నోరు తెరిచి చెప్తాను. మీరు మారుమాట్లాడకుండా వెనక్కి రావాలి. ఒట్టేనా?"

"ఒట్టే!" అన్నాడు. ఆ నిమిషంలో చందమామని తెమ్మన్నా ఒట్టేనని ఉండేవాడు.

నీలం కోటు ఉతికి, ఇస్త్రీ చేయించి, పట్నంలోనే ఉంటున్న కూతురికిచ్చింది. "నీ బీరువాలో ఉంచవే. ఏడాదికి వచ్చి వేసుకుంటాను," అంది.

వెళ్ళిన ఊరు బస్సులో ఆరు గంటల దూరం. మూడు గదుల ఇల్లు, వెనకాల నాలుగు మడులు పెట్టుకునేంత దొడ్డి. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడదాకా కిటికీ. మాస్టరు బల్ల దాని కిందే వేసుకున్నాడు. మొదటిరోజు ఒక నల్ల గుడ్డ, ఒక ముదురు నీలం గుడ్డ పక్కపక్కన పరిచాడు. కటింగు గదిలో ఆ రెండిట్నీ పోల్చుకోవాలంటే పైకెక్కి వీధిలోకి పట్టుకెళ్ళాల్సొచ్చేది. ఇక్కడ కూర్చున్నచోటే తెలిసిపోతోంది. ఆయన కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే తెల్లారి ఆరింటికి లేచేవాడు. ఆకలి తెలిసింది. పదిమెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషి దొడ్లో మట్టి తవ్వాడు. వాళ్ళ పంట్లాలకి జిప్పులూ వీళ్ళ గౌన్లకి అంచులూ కుట్టుకుంటూ, కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాడు.

అయితే ఆ సుఖానికి అడుగున ఒక ముల్లుంది. ఏడాది. ఏడాది చివర ఆవిడ "నాకు పడలేదు" అందంటే మళ్ళీ ఆ నేలకింద గది, ఆ గోడ మీద ఎర్ర పేరు. అదే ఆయన గుండెల్లో రాయి. అందుకని ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఆ మాటే వస్తుందేమోనని చెవులు రిక్కించేవాడు.

ఆవిడకి ఊళ్ళో పొద్దుపోయేది కాదు. "ఈ ఊళ్ళో ఎవ్వరూ ఏమీ పారేసుకోరేమిటండీ, ఖర్మ!" అని మొదట్లో హాస్యాలాడేది. మధ్యాహ్నాలు వెళ్ళి బస్సు ఆగేచోట బెంచీ మీద కూర్చునేది. రోజుకి మూడు బస్సులు. దిగేవాళ్ళు నలుగురు. నలుగురూ చేతిసంచులు జాగ్రత్తగా పట్టుకునే దిగేవాళ్ళు. నవ్వుకుంటూ వచ్చి చెప్పేది. కొన్నాళ్ళకి చెప్పడం మానేసింది.

మూడో నెలలో ఆవిడ గోధుమరంగు స్కర్టు నడుము మీంచి జారింది.

"ఇదేంటి మాస్టారూ, పడిపోతోంది," అని పట్టుకుని వచ్చింది.

మాస్టరు టేపు చుట్టాడు. నలభయ్యో ముప్ఫయ్యితొమ్మిదిన్నరో కాదు, నిక్కచ్చిగా ముప్ఫయ్యితొమ్మిది. ఆయన మొహం చూడాలి మీరు, చాటంత అయింది. "చూశావా? చూశావా! మంచి గాలి, మంచి నీళ్ళు, నడక! పట్నపు కొవ్వు కరుగుతోంది. నేను చెప్పలా?"

"ఆహా, అంతే అయ్యుంటుంది," అంది ఆవిడ. తనకీ కాస్త సంబరంగానే అనిపించింది. ఆడమనిషికి ఆ వయసులో నడుము తగ్గిందంటే చేదా?

బట్టలు బిగించడమంటే ఎలాగో చెప్తాను. పక్క కుట్లు రెండూ విప్పి, ఒక్కో అంచూ అరంగుళం లోపలికి తోసి కుడితే చుట్టూ కలిపి రెండంగుళాలు తగ్గుతుంది. తెలిసినవాడెవడైనా లోపల మిగిలిన గుడ్డని అలాగే ఉంచుతాడు, మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తే వదులు చెయ్యడానికి. మాస్టరు జీవితంలో ఎన్నడూ ఆ మిగులు కత్తిరించి ఎరగడు. ఈసారి కత్తిరించేశాడు. ఇంక దాంతో పనేముందిలే అని. నాలుగు గౌన్లు, రెండు స్కర్టులు, ఒక గోధుమరంగు కోటు, అన్నీ. పుస్తకంలో తారీఖు వేసి ముప్ఫయ్యితొమ్మిది రాశాడు.

అయిదో నెలకి ముప్ఫయ్యేడు.

ఆ రోజుల్లోనే భోజనం దగ్గర ఆవిడ కంచం తోసేసింది. "ఏమిటో అండీ, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్టుంటోంది. ఈ ఊరు నాకు పడలేదేమో."

అంతే. ఆయన చెంచా ఠప్పున బల్ల మీద పెట్టాడు. "మొదలెట్టావా? అయిదు నెలలన్నా కాలేదు, అప్పుడే మొదలెట్టావా?"

"అబ్బే, కడుపు సంగతి చెప్తున్నాను..."

"కడుపు పేరు చెప్పి ఊరిమీద పెడుతున్నావు. నాకు తెలీదనుకోకు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. మెట్ల మీద కూలబడ్డ మనిషి గుర్తొచ్చాడేమో, కంచం దగ్గరకి లాక్కుని ఇంకో రెండు ముద్దలు బలవంతాన మింగింది. తర్వాత దొడ్లోకి వెళ్ళి కక్కుకుంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని కుట్టు మిషను తొక్కుతున్నాడు, వినపడలేదు. వినపడలేదనే అనుకుందాం.

ఏడో నెలకి ముప్ఫయ్యయిదు, ఎనిమిదో నెలకే ముప్ఫయ్యిమూడు. టేపు మాటిమాటికీ తీయాల్సొస్తోంది. ఆయన గుండుసూదులు పెదాలమధ్య పెట్టుకుని ఆవిడ చుట్టూ తిరుగుతూ, ఈలకూడా వేస్తుండేవాడు. పని మాత్రం అద్భుతం, ఆ మాట ఒప్పుకోవాలి. నాలుగుసార్లు బిగించిన గౌనయినా నిన్నే కొత్తగా కుట్టినట్టుండేది. ఎక్కడా ముడత లేదు, ఒక్కచోట వదులు లేదు. మనిషి చిక్కితే ముందు చెప్పేది బట్టలే కదండీ. బట్టలు వేలాడితే పక్కింటివాళ్ళు అడుగుతారు, ఏమమ్మా అలా అయిపోయావని. ఆవిడ బట్టలు ఏనాడూ వేలాడలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. "మీ ఆవిడ ఎంత నాజూగ్గా అయ్యారండీ!" అనేవాళ్ళు. ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఒకసారి ఇస్త్రీ పెద్దాయనకి ఫోను చేసి గొప్పలు పోయాడు. "బావా, మీ చెల్లెలు ముప్ఫయ్యిమూడుకి దిగింది! ఇంకో నాలుగు తగ్గితే పెళ్ళినాటి కొలతే!"

"తగ్గించుకుంటోందా బావా, తగ్గిపోతోందా?" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "ఓసారి డాక్టరుకి చూపించు."

"నువ్వా ఆవిరిలో ఉడుకుతూ ఉండు. మేం నాలుగురోజులు సుఖపడితే నీకు కళ్ళలో నిప్పులు," అని ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత చెయ్యలేదు. ఆయన చేస్తే ఎత్తలేదు.

ఆవిడకూడా ఒక్కసారి అడిగింది. తొమ్మిదో నెల. "పట్నం వెళ్ళి మన పాత డాక్టరమ్మకి ఒకసారి చూపించుకొస్తాను మాస్టారూ. రెండు రోజుల్లో వచ్చేస్తా."

"ఇంకో మూడు నెలలు ఓపిక పట్టలేవా? పట్నం వెళ్ళడానికి సాకు కావాలంతే నీకు. వెళ్ళాక తిరిగొస్తావా నువ్వు?"

నిజానికి ఆ ఊళ్ళో, వాళ్ళ వీధి చివర, కూతవేటు దూరంలో క్లినిక్కు ఉంది. పద అక్కడికి వెళ్దాం, అని ఒక్కమాట అంటే అయిపోయేది. ఆ మాట కూడా ఆయన నోట్లోంచి రాలేదు. వెళ్తే వాళ్ళేం చెప్తారో, ఆ చెప్పినదాన్ని ఆవిడ ఊరికి ముడిపెడుతుందేమో అని. మనిషి భయం ఎంత నీచానికైనా దిగుతుంది. ఆవిడ "సరేలెండి," అని లోపలికెళ్ళి పడుకుంది. మళ్ళీ అడగలేదు.

పదో నెలలో కూతురు ఒక్క పూటకి వస్తానంది. ముందురోజు మాస్టరు ఆవిడ గోధుమరంగు కోటు బల్ల మీద వేశాడు. నడుము ముప్ఫయ్యొకటికి దించాడు. తొడిగి చూస్తే నడుము బాగానే ఉంది, భుజాలు మాత్రం కూర్చోలేదు. గుడ్డకింద ఎముకలు పొడుచుకొస్తున్నాయి. కోటు విప్పి పట్టుకెళ్ళి, అస్తరు ఊడదీసి, భుజాల్లో రెండేసి దూది పొరలు వేశాడు, ఛాతీ దగ్గర ఒకటి. చిక్కిన గిరాకీలకి, జబ్బుపడి లేచిన గిరాకీలకి ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా చేసిన పనే. ఆ పని ఎవరికి చేస్తారో ఆ చేతులకి తెలుసు. అలవాటు కొద్దీ పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

కూతురు వచ్చింది, అమ్మని వాటేసుకుంది. చేతులకి దూది తగిలింది. "అబ్బ, ఎంత బావున్నావే అమ్మా! నాన్నా, నాకూ ఇలాంటి కోటు కుట్టిపెట్టు," అంది. మొహం కాస్త పీక్కుపోయిందే అంటే, "నడుస్తోంది కదా, ఎండకి," అన్నాడు మాస్టరు అందుకుని. కూతురికి సాయంత్రం బస్సు. మర్నాడు పని. అమ్మ బస్సు దాకా వచ్చి, ఆ బెంచీ మీద కూర్చుని చెయ్యూపింది.

ఏడాది నిండిన రోజు మాస్టరు బూడిదరంగు గుడ్డతో కొత్త గౌను కుట్టాడు. టేపు చుట్టాడు. ఇరవైతొమ్మిది. పెళ్ళినాటి కొలత! ఆ పేజీ మొదటి గీతా చివరి గీతా ఒకటే అయ్యాయి. చిన్నపిల్లాడిలా పుస్తకం తెచ్చి ఆవిడకి చూపించాడు.

"ఇప్పుడు చెప్పు. ఒట్టు ఒట్టే. ఉందామా, పోదామా?"

ఆవిడ మంచం అంచు పట్టుకుని నిలబడుంది. "పోవడానికి ఓపికెక్కడుంది మాస్టారూ. ఉందాం లెండి," అంది.

ఆయనకి "ఉందాం" ఒక్కటే వినపడింది. ఆ పూటే ఆవిడ చేత కౌంటరువాళ్ళకి రాజీనామా ఉత్తరం రాయించి, తనే పరిగెత్తుకెళ్ళి డబ్బాలో వేసొచ్చాడు. వచ్చేసరికి ఆవిడ కుళాయి దగ్గర పడిపోయి ఉంది.

ఆసుపత్రిలో నర్సు ఆవిడకి తొడిగి తెచ్చిన గోధుమరంగు కోటు విప్పి కుర్చీకి తగిలించింది. దూది పొరల బలంతో కోటు భుజాలెత్తుకుని నిలబడింది. మంచం మీదున్న మనిషికంటే ఆ కోటే ఒడ్డూపొడుగూ ఉంది. నర్సు ఒకసారి కోటువంకా ఒకసారి ఆవిడవంకా చూసి బయటికెళ్ళింది. పరీక్షలన్నీ అయ్యాక అక్కడి డాక్టరమ్మ కాయితాలు పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచి చిక్కుతున్నారు? మొదట ఎప్పుడు గమనించారు? ఇంకేమైనా గుర్తులు కనబడ్డాయా?"

ఆవిడ పెదాలు కాస్త కదిలాయి. "చూశారా మాస్టారూ. నా కౌంటరు ప్రశ్నలే."

ఆయనకి హుషారొచ్చింది. అబ్బే, నిజంగానే. ఆ గదిలో తన వల్ల అయ్యే సాయం ఒకటుందని సంబరపడి, జేబులోంచి నల్ల అట్ట పుస్తకం తీసిచ్చాడు. "అన్నీ రాసుంచానమ్మా. తారీఖులతో సహా."

డాక్టరమ్మ ఆ పేజీ పైనుంచి కిందిదాకా చదివింది. మళ్ళీ చదివింది.

"ఎవరు రాశారిది?"

"నేనేనమ్మా."

"ఏడాదిలో పన్నెండంగుళాలు. ఆరుసార్లు కొలిచారు. ఆరుసార్లూ తీసుకురాలేదు. ఎందుకని?"

"బాగుపడుతోందనుకున్నానమ్మా."

"ఏ జబ్బునించి?"

డాక్టరమ్మ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది. కడుపులో గడ్డ అంతటా పాకిందనీ, ఆ ఆరింటిలో మూడో నాలుగో గీత దగ్గర వచ్చుంటే కోసి తీసేవాళ్ళమనీ చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పక్క మంచం దగ్గరికెళ్ళిపోయింది.

తెల్లారి కూతురు వచ్చింది. డాక్టరమ్మ చెప్పగా తండ్రి జేబులోంచి పుస్తకం తనే లాగి చదివింది. వేలు ఒకచోట ఆగింది.

"భుజాలకి దూది, రెండేసి పొరలు. ఛాతీకి ఒకటి. ఏంటిది నాన్నా?"

"కోటు నిలబడాలనమ్మా..."

"నేను వచ్చే ముందురోజు తారీఖుంది."

మంచం మీంచి ఆవిడ అందుకుంది. గొంతు పీలగా ఉంది, మాట మాత్రం స్పష్టం. "నాకు తెలుసే. తొడుక్కున్నప్పుడే బరువు తెలిసింది. అంటే మళ్ళీ సాకంటారని ఊరుకున్నాను." కాస్త ఊపిరి తీసుకుని మొగుడివైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పొచ్చా మాస్టారూ? నాకీ ఊరు పడలేదు. వచ్చిన రోజునుంచీ పడలేదు. నన్ను వెనక్కి తీసుకెళ్ళండి."

"పోదామే. రేపే పోదాం," అని ఆయన భోరుమన్నాడు.

కదిపితే దార్లోనే పోతుందన్నారు. ఆరు వారాలు ఆ ఆసుపత్రిలోనే ఉంది. కిటికీ పక్క మంచమే ఇచ్చారు, మంచి గాలి, మంచి వెలుతురు. ఆవిడ ఆ కిటికీకి వీపు పెట్టి పడుకునేది.

పట్నానికి ప్రాణం పోయాకే వెళ్ళింది. కూతురింటి ముందు గదిలో పడుకోబెట్టారు. కౌంటరువాళ్ళు, బస్సు డ్రైవర్లు, దుకాణంవాళ్ళు, ఇస్త్రీ పెద్దాయన, అందరూ చూడ్డానికొస్తున్నారు. ఏం వెయ్యాలన్న మాటొస్తే మాస్టరు బూడిదరంగు గౌను తీశాడు. కూతురు దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని పక్కన పడేసింది. బీరువాలోంచి నీలం యూనిఫాం కోటు తెచ్చింది. ఏడాది కిందట ఉతికి ఇస్త్రీ చేయించి అమ్మ ఇచ్చిన కోటు. ఆవిడ బట్టలన్నిట్లో కత్తిరించకుండా మిగిలింది అదొక్కటే.

తొడిగించారు. కోటు అటూ ఇటూ మంచం మీదకి జారిపోయింది. మెడకీ కాలరుకీ మధ్య పిడికిలి పట్టేంత సందు. చేతులు ఎక్కడున్నాయో వెతకాలి.

మాస్టరు చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. గుండుసూదులు పెదాలమధ్య పెట్టుకుని, వొంగి, పక్క కుట్టు దగ్గర గుడ్డ వేళ్ళతో పట్టుకుని లోపలికి మడిచాడు.

"ముట్టుకోకు నాన్నా," అంది కూతురు. "అరంగుళం కూడా తగ్గించడానికి వీల్లేదు. ఎంత వదులుందో అందరూ చూడనీ."

ఇస్త్రీ పెద్దాయన గుమ్మంలోంచి ఆ కోటు చూశాడు. ఆ కోటు ఇస్త్రీ చేసింది ఆయనే, దాని కొలత ఆయనకీ తెలుసు. తలెత్తి మాస్టరు మొహంలోకి చూశాడు. బావా అనలేదు.

మాస్టరు వేళ్ళు వదిలేశాయి. గోడకి చేరగిలబడి నిలబడ్డాడు, సూదులు ఇంకా నోట్లోనే ఉన్నాయి. కళ్ళు మూసుకుందామని చూశాడు, మూతపడలేదు. పుస్తకంలో ఆఖరి గీత ఇరవైతొమ్మిది. కన్ను మాత్రం ఇరవయ్యేడు అంది. టేపు పెట్టక్కర్లేదు, ఆయన కన్ను ఎప్పుడూ తప్పలేదు.